రీవైరింగ్ చేశాక పాత అంబాసిడర్ మొరాయిస్తోందా? లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

బ్రేకు తొక్కితే ఎడమ ఇండికేటర్ సన్నగా వెలిగింది. ఇండికేటర్ వేస్తే వెనక పార్కింగ్ లైటు కూడా దాంతోపాటు కన్నుకొట్టడం మొదలెట్టింది. మూడు ఆదివారాలు డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, మెడ పట్టేసినా మానకుండా కొత్త వైరింగ్ మొత్తం వేసుకున్నవాడికి ఇంతకంటే అవమానం ఉండదు.

బండి మా నాన్నగారిది. 1972 అంబాసిడర్, మార్క్ 2. విశాఖ పెద్ద వాల్తేరులో మా ఇంట్లోంచి సముద్రం కనపడదు గానీ ఆ గాలి మాత్రం రోజంతా వస్తుంది. నలభై ఏళ్లు ఆ ఉప్పుగాలి తిన్న తీగలు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా రేకుల షెడ్డును ఎత్తుకుపోయిన రోజు నిలువునా తడిశాయి. అదే ఏడాది మే నెలలో బెంగాల్లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ ఆపేశారు. ఆ కబురు మా బండికీ అందిందేమో, అప్పట్నుంచి ఒక్కో లైటూ సెలవు పెట్టడం మొదలెట్టింది. అతుకుల మీద అతుకులు వేసి కొన్నేళ్లు లాగాను. చివరికి పాత తీగలన్నీ పీకేసి, రంగు కూడా కొత్తగా వేయించి, వైరింగ్ నేనే చేసుకున్నాను.

గాజువాక ఆటోనగర్‌లో పాతబళ్ల కరెంటు పని చేసే పెద్దాయన ఒకరున్నారు. బతిమాలితే ఇంటికొచ్చారు. డిక్కీ తెరిచి, టార్చి వేసి ఒక్క చూపు చూశారు. "బాబూ, కొత్త రంగు మీద ఎర్తు బోల్టు బిగించేసినావు. రంగులోంచి కరెంటెలాగెల్తాది?" అన్నారు. ఎర్తు అంటే కరెంటు బాడీ రేకు గుండా బ్యాటరీకి తిరిగెళ్లే దారి. బోల్టు విప్పి, దాని కింద రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, మళ్లీ బిగించారు. బండికి పట్టిన దయ్యం వదిలింది. ఆయన టీ తాగి వెళ్లిపోయారు.

ఆ తర్వాత నా బండి మీద, మరో ఇద్దరు మిత్రుల బళ్ల మీద కుస్తీ పట్టి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. కొత్త వైరు మధ్యలో చెడిపోవడం చాలా అరుదు. చెడేది కొసల దగ్గరే, అంటే మన చెయ్యి పడ్డ చోట. అందుకే లోపం వెతకడమంటే మన పనిని మనమే అనుమానించుకోవడం. "ఇది నేనే బిగించాను, ఇందులో తప్పుండదు" అని దాటేసిన చోటే నాకు రెండుసార్లు లోపం దొరికింది.

బ్యాటరీ కలపకముందు

ముందుగా ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. బ్యాటరీ కొసకూ బాడీకీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే క్షణాల్లో ఎర్రగా కాలుతుంది. పెట్రోలు వాసన వస్తుంటే ఆ సంగతి తేల్చుకునేదాకా కరెంటు పని ముట్టుకోవద్దు. మంటలార్పే చిన్న సిలిండరు పక్కనే ఉంచుకోండి.

తర్వాత, బ్యాటరీలో ఏ కొస బాడీకి పోతోందో చూసుకోండి. అంబాసిడర్‌కు మాతృక అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో పాజిటివ్ కొసే బాడీకి ఉండేది. ఆ కాలపు బ్రిటిష్ బళ్లలో చాలావాటికి అదే పద్ధతి. మీ బండిని మధ్యలో ఎవరైనా నెగెటివ్‌కు మార్చారా లేదా అన్నది బండి పుస్తకం చూసి కాదు, బండిని చూసే తేల్చుకోవాలి. మామూలు బల్బుకు ఎటైనా ఒకటే. ఆల్టర్నేటరు, రేడియో మాత్రం తిరగేసి కలిపితే అక్కడికక్కడే పోతాయి, ఎల్‌ఈడీలు వెలక్కపోవచ్చు. కింద నేను చెప్పేదంతా నెగెటివ్ బాడీకి ఉన్న బండి లెక్క.

మూడోది రంగులు. ఆ కాలపు బ్రిటిష్ బళ్లకు కరెంటు సామాను చేసిన కంపెనీ లూకాస్. వాళ్ల పద్ధతిలో బ్రౌన్ వైరు ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేది. తెలుపు తాళం తిప్పితే వచ్చే కరెంటు. ఆకుపచ్చ అదే కరెంటు ఫ్యూజు దాటాక. ఊదా ఎప్పుడూ కరెంటు ఉండేది, దానికీ ఫ్యూజు ఉంటుంది. నీలం హెడ్‌లైట్లకు, ఎరుపు పార్కింగ్ లైట్లకు, నలుపు ఎర్తుకు. ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఉంటే ఎడమ ఇండికేటర్, తెల్ల గీత ఉంటే కుడి. ఊదా గీత ఉంటే బ్రేక్ లైటు. అయితే బజార్లో దొరికే వైరింగ్ కిట్లన్నీ ఈ పద్ధతి పాటిస్తాయనుకోకండి. నాకు దొరికిన దాంట్లో ఊదా వైరే లేదు. మీ కిట్‌లో ఏ రంగు ఎక్కడికి పోయిందో ఒక తెల్లకాగితం మీద గీసుకోండి. మాసిపోయినా సరే, ఆ కాగితం బండిలోనే ఉండాలి.

ఇప్పుడు అసలు కిటుకు. కొత్త వైరింగ్‌కు బ్యాటరీని నేరుగా కలపకండి. 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి, దాని హోల్డరు, రెండు మూరల వైరు తీసుకోండి. ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది బండి బాడీకి పోయే కేబులుకు కలపండి. అంటే బండిలోకి పోయే కరెంటంతా ఈ బల్బు గుండానే పోవాలి. తాళం తీసేసి, స్విచ్చులన్నీ ఆపేసి, తలుపులన్నీ మూసి చూడండి. బల్బు వెలగకూడదు. సన్నగా వెలిగితే లోపలి లైటో, గడియారమో కరెంటు తాగుతోందన్నమాట. భగ్గున వెలిగితే ఎక్కడో కరెంటు తీగ బాడీకి తగులుతోంది. బల్బు లేకుండా నేరుగా కలిపి ఉంటే ఈపాటికి తీగల్లోంచి పొగ వచ్చేది. బల్బు అడ్డం ఉంది గనక రెండు ఆంపియర్లు కూడా దాటవు, ఏదీ కాలదు, మీరు నింపాదిగా వెతుక్కోవచ్చు.

బల్బు వెలగలేదంటే ఒక్కో స్విచ్చీ వేస్తూ పోండి. పార్కింగ్ లైట్లు వేస్తే మీ బల్బూ, అవీ తలా కొంచెం మసకగా వెలుగుతాయి. అది మామూలే. ఏ స్విచ్చి వేసినప్పుడు ఆ లైట్లు అసలు వెలక్కుండా మీ బల్బు ఒక్కటే పూర్తిగా వెలుగుతుందో, షార్ట్ ఆ దారిలో ఉంది. తాళం తిప్పే ముందు ఇగ్నిషన్ కాయిల్‌కు పోయే తెల్ల వైరు తీసేయండి. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు మూసుకుని ఉండగా ఇంజను తిరక్కుండా తాళం వేసి ఉంచితే కాయిల్ కుంపటిలా కాగిపోతుంది.

ఈ పరీక్షకు అరగంట పడుతుంది. దీన్ని దాటేసిన మిత్రుడొకడికి డాష్‌బోర్డు వైరింగ్ రెండోసారి కొనుక్కోవాల్సి వచ్చింది.

ఎర్తు, మళ్లీ ఎర్తు

రీవైరింగుతో పాటు రంగు కూడా వేయించిన బండి అయితే ఇంకేమీ చూడకుండా ఇక్కడ మొదలుపెట్టండి. ఇంటి వైరింగులో ప్రతి బల్బుకూ రెండు తీగలు పోతాయి. కారులో ఒకటే పోతుంది, తిరుగు దారి బాడీ రేకే. ఆ రేకు మీద రంగు, ప్రైమరు, తుప్పు ఏది అడ్డమున్నా దారి మూసుకుపోయినట్టే. దారి మూసుకుంటే కరెంటు ఊరుకోదు. పక్క బల్బు ఫిలమెంటు గుండా దూరి, దాని ఎర్తు పట్టుకుని వెళ్తుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలగడం అందుకే. ఒక లైటు వేస్తే సంబంధం లేని ఇంకో లైటు సన్నగా వెలిగిందంటే కళ్లు మూసుకుని ఆ లైట్ల ఎర్తు విప్పండి.

పరీక్ష తేలిక. మల్టీమీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. లైటు వేసే ఉంచి, ఎర్రముల్లు బల్బు హోల్డరు బయటి లోహానికి, నల్లముల్లు బ్యాటరీ నెగెటివ్ కొసకు ఆనించండి. నల్లముల్లు క్లాంపుకు కాదు, సీసపు కొసకే ఆనించాలి. ఎర్తు బాగుంటే 0.2 వోల్టులు దాటదు. మా బండి వెనక ఎడమ వైపు ఆ రోజు ఎంత చూపించిందో తెలీదు, అప్పటికి నాకు ఈ పరీక్షే తెలీదు. కానీ ఈ మధ్య ఒక మిత్రుడి బండిలో 4 వోల్టులు చూపించింది. అంటే బ్యాటరీ ఇచ్చే దాంట్లో మూడో వంతు ఆ ఒక్క బోల్టు దగ్గరే ఆగిపోతోంది.

బాగుచేయడానికి ఎమరీ పేపరుతో రేకు మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి, బోల్టు గట్టిగా బిగించి, ఆ తర్వాత పైన వాసలిన్ పూయాలి. ముందు పూసి తర్వాత బిగించడం కాదు. లోహం లోహానికి తగలాలి, దాని చుట్టూ గాలి చొరకూడదు. మన ఊళ్లో ఈ చివరి పని మానేస్తే రెండు వర్షాకాలాల్లో రాగి లగ్గుకు పచ్చగా చిలుము పట్టేస్తుంది.

అన్నిటికంటే పెద్ద ఎర్తు ఇంజనుది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. ఇంజను దించి ఎక్కించినప్పుడు అందరూ మర్చిపోయేది దాన్నే. ఒక పద్మినీ కారులో సెల్ఫ్ కొడితే ఇంజను నీరసంగా మూలిగి ఆగిపోయేది. బ్యాటరీ మార్చారు, సెల్ఫ్ మోటారు విప్పి బ్రష్‌లు మార్చారు. చోక్ లాగుదామని కేబులు పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. పట్టీ లేకపోవడంతో సెల్ఫ్ మోటారుకు కావలసిన వందకు పైగా ఆంపియర్లూ ఆ సన్నని చోక్ కేబులు గుండా పోతున్నాయి. కేబులు ఏదైనా వేడెక్కుతుంటే ముందు ఆ పట్టీ ఉందో లేదో చూడండి.

మీటరు చెప్పే అబద్ధం

వైరు కొసలో మీటరు పెడితే 12.6 చూపిస్తుంది, బల్బు పెడితే వెలగదు. బల్బు మార్చినా అంతే. కొత్తవాళ్లు జుట్టు పీక్కునేది ఇక్కడే. మీటరు తాగే కరెంటు దాదాపు సున్నా. క్రింపులో, అంటే వైరు కొసకు నొక్కి బిగించిన లోహపు తొడుగులో, ముప్పై పోగులకు ఇరవైతొమ్మిది తెగిపోయి ఒక్కటే మిగిలినా దానికి చాలు, నిండు వోల్టేజీ చూపిస్తుంది. బల్బు వెలగాలంటే ఆంపియర్లు కావాలి, ఆ ఒక్క పోగు మోయలేదు. అందుకే కరెంటు ఉందా లేదా అన్న ప్రశ్నకు మీటరు కంటే రెండు తీగలు కట్టిన 21 వాట్ల బల్బు మాటే నమ్మకం. ఎంత నష్టపోతోంది అన్న ప్రశ్నకు మీటరు. అది కూడా లైటు వెలుగుతున్నప్పుడే.

అనుమానం వచ్చిన క్రింపును పట్టుకుని వైరును కాస్త లాగండి. మంచి క్రింపు రాదు. తీగ లాగితే డొంక కదలడం సామెతే గానీ ఇక్కడ మీకు కావలసింది సరిగ్గా అదే.

లైట్లు

ఇండికేటర్లు రెండు పక్కలా పనిచేయకపోతే ఫ్లాషరు (వాటిని కన్నుకొట్టించే డబ్బీ), దానికొచ్చే ఆకుపచ్చ వైరు చూడండి. ఒక పక్కే పోతే ఫ్లాషరు జోలికి పోవద్దు. ఆ పక్క బల్బు, ఎర్తు, అతుకు చూస్తే చాలు. పాతరకం ఫ్లాషరు వేడితో పనిచేస్తుంది. రెండు బల్బులూ కరెంటు తాగుతుంటేనే టిక్కుటిక్కుమంటుంది. ఒక బల్బు పోతే రెండోది వెలిగి అలాగే ఉండిపోతుంది, కొట్టుకోదు. ఎల్‌ఈడీలు పెడితే అవి తాగే కరెంటు దానికి చాలదు, కాబట్టి ఎలక్ట్రానిక్ ఫ్లాషరు పెట్టుకోవాలి. ఫ్లాషరు కాళ్ల మీద బి, ఎల్, పి అని ఉంటాయి. బి కరెంటు వచ్చేది, ఎల్ ఇండికేటర్ స్విచ్చికి పోయేది, పి డాష్‌బోర్డు మీది గుర్తు దీపానికి. ఎల్, పి తారుమారు చేయడం నాతో సహా అందరూ చేసే పొరపాటే.

పార్కింగ్ వేస్తే వెనక ఎర్రదీపం మరీ ప్రకాశంగా వెలిగి, బ్రేకు తొక్కినా తేడా తెలియకపోతే రెండు ఫిలమెంట్ల వైర్లు అటుదిటు అయ్యాయి. 21 వాట్లది బ్రేకుకు, 5 వాట్లది పార్కింగుకు. ఆ బల్బుకు రెండు పక్కలా మేకులు ఒకే ఎత్తులో ఉండవు. బలవంతంగా తిప్పి దూర్చారేమో కూడా చూడండి.

హెడ్‌లైట్లు గుడ్డిగా ఉంటే వెంటనే పెద్ద బల్బులు కొనకండి. లైటు వేసి బ్యాటరీ దగ్గర ఎంతుంది, బల్బు వెనక ఎంతుంది అని రెండు చోట్లా కొలవండి. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పోతుంది. 60 వాట్ల బల్బులు రెండు కలిసి పది ఆంపియర్లు తాగుతాయి. ఆ పది ఆంపియర్లూ యాభై ఏళ్ల స్విచ్చీ, డిప్పరూ గుండా పోతున్నాయి. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) పెట్టి, స్విచ్చితో రిలేను మాత్రమే నడిపి, బల్బులకు బ్యాటరీ నుంచి కొత్త దారి వేస్తే బండి చూపు తిరిగొస్తుంది. ఆ దారిలో ఫ్యూజు మర్చిపోకండి. ఆనాటి చాలా బ్రిటిష్ బళ్లలో హెడ్‌లైట్లకు ఫ్యూజే ఉండేది కాదు.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే

పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటుంది. అది పేలిపోయే అంకె. నిలకడగా మోసేది అందులో సగం, 17 ఆంపియర్ల చిల్లర. ఇప్పటి ఫ్యూజుల మీద రాసేది నిలకడగా మోసే అంకె. ఈ తేడా తెలియక పాతదాని బదులు ఇప్పటి 35 పెడితే రక్షణ సగానికి సగం పోయినట్టే. 15 లేదా 20 పెట్టండి. పోయిన ఫ్యూజుకు సిగరెట్ పెట్టె రేకు చుట్టే పెద్దమనుషులకు చెప్పేదేమీ లేదు.

పోయిన ఫ్యూజు స్థానంలో కొత్తది పెట్టి, అదీ పోగొట్టుకుని, ఇంకోటి పెట్టడం డబ్బు దండగ. ఫ్యూజు తీసేసి ఆ రెండు క్లిప్పుల మధ్య మన 21 వాట్ల బల్బు కట్టండి. ఆ ఫ్యూజు మీదున్న స్విచ్చులన్నీ ఆపినా షార్ట్ ఉన్నంతసేపూ అది పూర్తిగా వెలుగుతుంది. ఇప్పుడు వైరింగ్ కట్టను అంగుళం అంగుళం కదుపుతూ పోండి. ఎక్కడ కదిపినప్పుడు బల్బు ఆరుతుందో అక్కడ ఆగండి. ఎక్కువగా రేకులో కన్నం గుండా వైరు దూరిన చోటే ఉంటుంది, రబ్బరు బుష్ వేయని కన్నం దగ్గర.

సెల్ఫ్, చార్జింగ్

నిండు బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే దిగకూడదు. దిగితే బ్యాటరీ పని అయిపోయింది. దిగకుండానే సెల్ఫ్ మందంగా తిరుగుతుంటే దారిలో ఎక్కడో అడ్డముంది. మళ్లీ ఆ ఇంజను పట్టీ దగ్గరికే వెళ్లండి.

డైనమో ఉన్న బండి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఎర్రదీపం వెలిగితే కంగారుపడకండి, దాని తీరే అంత. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే ఆరిపోవాలి. ఆరకపోతే డైనమో మీది డి, ఎఫ్ వైర్లు తారుమారయ్యాయేమో ముందు చూడండి. అలా తిప్పి కలిపి ఇంజను నడిపితే కటౌట్ (డైనమో చార్జింగును అదుపుచేసే పెట్టె) కాలిపోతుంది. అవి సరిగానే ఉంటే రెండు వైర్లూ తీసేసి, డైనమో మీది డి, ఎఫ్ రెంటినీ చిన్న తీగతో కలిపి, ఆ తీగకూ బాడీకీ మధ్య మీటరు పెట్టండి. ఇంజను వేగం మెల్లగా పెంచుతుంటే వోల్టేజీ గబగబా పెరగాలి. 20 దాటనివ్వకండి. పెరిగితే డైనమో మంచిదే, తప్పు కటౌట్‌లోనో మీ వైర్లలోనో ఉంది.

బ్యాటరీ పొలారిటీ మార్చినా, డైనమో చాలాకాలం ఊరికే ఉన్నా దానికి ధ్రువాలు మళ్లీ నేర్పాలి. రెండు వైర్లూ తీసేసి, బ్యాటరీ పాజిటివ్ నుంచి తెచ్చిన తీగను ఎఫ్ కొసకు రెండు మూడు సార్లు క్షణకాలం తాకించాలి. సన్నని నిప్పురవ్వ వస్తుంది. అంతే పని.

రోడ్డెక్కాక

షెడ్డులో అన్నీ వెలిగాయి కదా అని సంబరపడకండి. గతుకులు, వేడి, వాన, మలుపులు అన్నీ చూశాకే వైరింగ్ అయినట్టు. బండి మీద రెండు బకెట్ల నీళ్లు పోసి, ముందు అద్దం రబ్బరులోంచి ఫ్యూజ్ బాక్సు మీదికి కారుతోందేమో చూడండి. ఎండలో నిలబెట్టి మధ్యాహ్నం చూడండి. మే నెల ఎండకు చవక ఇన్సులేషన్ టేపు జిగురంతా కరిగి కారి, చుట్టు ఊడిపోతుంది. అతుకులకు వేడి తగిలితే బిగుసుకునే గొట్టాలే మేలు.

నేను మలుపుల పరీక్షకు సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కాను. మొదటి కుడి మలుపులో హారన్ దానంతటదే మోగింది. ఎడమ మలుపులో ఆగింది. మళ్లీ కుడికి తిప్పితే మళ్లీ మోత. మెట్లదారి వదిలి రోడ్డు పట్టిన భక్తులు పక్కకు జరిగి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఒకావిడ "దర్శనానికి అంత తొందరేటి బాబూ?" అంది.

హారన్‌కు కరెంటు ఎప్పుడూ ఉంటుంది. స్టీరింగ్ మీది బటన్ చేసేదల్లా దాని తీగను ఎర్తుకు కలపడమే. కాబట్టి ఆ తీగ తోలు ఎక్కడ ఊడినా, బాడీకి ఎక్కడ తగిలినా బటన్ నొక్కినట్టే. కొండ మీద బండి ఆపి స్టీరింగ్ కాలమ్ కింద చెయ్యి పెట్టాను. ఊదా-నలుపు వేయాల్సిన చోట నేను వేసిన నల్లతీగ, బ్రాకెట్ అంచుకు రాసుకుని బియ్యపుగింజంత మేర రాగి బయటపడి ఉంది. కుడికి తిప్పినప్పుడల్లా అది బిగుసుకుని అంచుకు తగులుతోంది. కొలిచి కోసినప్పుడు స్టీరింగ్ నిటారుగా ఉందాయె, రెండు పక్కలా పూర్తిగా తిప్పి చూడనేలేదు. అప్పటికి టేపు చుట్టి దిగాను. ఇంటికొచ్చి నాలుగు అంగుళాలు పొడవుగా కొత్త తీగ వేసి, బ్రాకెట్ దగ్గర రబ్బరు గొట్టం తొడిగాను.

ఆ సాయంత్రమే రాత్రంతా బ్యాటరీ ఎంత కారుతోందో కూడా చూశాను. నెగెటివ్ కేబులు తీసి మధ్యలో మీటరు పెట్టి, ఆంపియర్ల మీద ఉంచి. అలా పెట్టినప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు పోతుంది. గడియారం, రేడియో లేని పాతబండిలో సున్నాయే రావాలి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఒక్కో ఫ్యూజూ తీస్తూ ఎప్పుడు పడిపోతుందో చూడాలి. మాది 300 దగ్గర నిలబడింది. ఫ్యూజులు రెండూ తీసినా తగ్గలేదు. డిక్కీలో నేనే సరదాకి పెట్టిన దీపానికి ఫ్యూజు వేయలేదని, డిక్కీ మూసినా అది ఆరడం లేదని అప్పుడు తెలిసింది.